పేరు పరాయిది, ఊరు తెలియదు: మన వంటింటి ఎర్రనాచు

ఏ పదార్థాన్నయినా ఔషధంగా గాని, ఆహారంగా గాని స్వీకరించే ముందు దాని పేరూ, ఊరూ రెండూ తెలుసుకోవాలన్నది మన వైద్య సంప్రదాయం. గడప దాటి లోపలికి వచ్చే కొత్త మనిషిని అడిగినట్టే, కొత్త ద్రవ్యాన్ని కూడా ‘ఎవరు నీవు, ఎక్కడి నుంచి వచ్చావు?’ అని విచారించాలి. ఈ నియమాన్ని మనం ఎంతగా విస్మరించామో చెప్పడానికి గృహిణులందరికీ పరిచయమైన ఒక వస్తువు చాలు. కిరాణా దుకాణాలలో తెల్లని పోగుల కట్టలుగానూ, పొడిగానూ అమ్మే ‘చైనా గ్రాస్’ అది. వేసవి వచ్చిందంటే పాలతోనో, పండ్ల రసంతోనో కలిపి చల్లని ముక్కలుగా పేర్చి పిల్లలకు పెడుతున్నాం. పేరులో చైనా ఉన్నది గాని, మన దేశంలో తయారయ్యే సరుకు చైనా నుంచి రాలేదు. గ్రాస్ అంటే గడ్డి. ఇది గడ్డి కాదు. సముద్రంలో పెరిగే ఎర్రనాచు నుంచి తీసిన జిగురు ఇది. శాస్త్రజ్ఞులు దీనిని ‘అగార్’ అంటారు.

ఇటీవల ఎర్రనాచులకు మరొక అవతారం వచ్చింది. ‘సీ మాస్’ అనే పేరుతో సీసాలలో లేహ్యంలా నింపి, ఇది ఋషులు చెప్పిన సముద్రౌషధమనీ, థైరాయిడ్ వ్యాధి మొదలుకొని కీళ్ళనొప్పుల దాకా అన్నిటినీ హరిస్తుందనీ కొందరు ప్రకటిస్తున్నారు. ఒకచోట అసలు ఊరే చెప్పరు. మరొకచోట లేని వంశవృక్షాన్ని కల్పిస్తారు. ఈ రెండూ తప్పేనని నా అభిప్రాయం. నాచు మంచిదే, దాని జన్మస్థలాన్ని దాచడం మంచిది కాదు. ఎందుకంటే, అది పుట్టి పెరిగే తీరు తెలిసినవారికే దానిని ఎంత వాడాలో, ఎలా కోయాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలుస్తుంది.

నాచు నివాసం

మన దేశపు అగార్‌కు ముఖ్యమైన ఆధారాలలో ఒకటి ‘జెలిడియెల్లా అసెరోసా’ అనే ఎర్రనాచు. దీనిని మొదట వర్ణించినవాడు ఫోర్స్కాల్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు. అరేబియా యాత్రలో ఆయన 1763లో యెమెన్ దేశంలోనే మరణించాడు. ఆయన వ్రాతలు 1775లో అచ్చయ్యాయి. ఎర్రసముద్రంలోనే గాక ఉష్ణమండలపు సముద్రాలన్నిటా ఈ నాచు కనిపిస్తుంది. మన దేశంలో గుజరాత్ తీరాన, లక్షద్వీపాలలో ఉన్నది. అయితే దీనికి పెట్టని కోట వంటి చోటు తమిళనాడులోని మన్నారు సింధుశాఖ. రామేశ్వరానికీ తూత్తుకుడికీ మధ్య వరుసగా నిలిచిన 21 చిన్న దీవుల చుట్టూ పగడపు దిబ్బలున్నాయి. వాటిలో రెండు దీవులు ఇప్పటికే నీట మునిగిపోయాయి. ఈ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా, 1989లో జీవావరణ మండలంగా ప్రకటించారు. అనాదిగా ముత్యాలకూ, శంఖాలకూ పేరుపొందిన సముద్రమిది. అంటే ముక్తాభస్మానికీ, శంఖభస్మానికీ మూలమైన నీళ్ళలోనే ఈ నాచు కూడా పెరుగుతున్నదన్నమాట.

ఇది బురదలోనో ఇసుకలోనో పెరగదు. గట్టి ఆధారం కావాలి: చచ్చిన పగడపు రాయి గాని, బండ గాని. నీరు తేటగా ఉండాలి. అలలు ఎప్పుడూ కదిలిస్తూ ఉండాలి. పాటు వచ్చినప్పుడు నీరు తగ్గే హద్దు దగ్గరా, దాని కింద కొద్ది లోతు వరకూ దీని నివాసం. మురుగు చేరినా, ఒండ్రు పేరుకున్నా, పగడపు రాళ్ళు తవ్వుకుపోయినా దీనికి నిలువ నీడ ఉండదు.

చూడడానికి ఇది ఎలా ఉంటుంది? రాతిని పట్టుకొని పాకే సన్నని కాడ ఒకటి. దాని నుంచి పైకి లేచి విల్లులా వంగిన కొమ్మలు. కొమ్మకు రెండు వైపులా ఈకకున్నట్టు చిన్న చిన్న రెమ్మలు. పట్టుకుంటే మృదులాస్థిలా గట్టిగా, సాగేటట్టు ఉంటుంది. ఆ తీరపు తమిళులు దీనిని ‘మరిక్కొళుందు పాసి’ అంటారు. పాసి అంటే నాచు, మరిక్కొళుందు అంటే మన దవనం. ఆ రెమ్మలను చూస్తే పేరు ఎంత సార్థకమో తెలుస్తుంది. దీని బంధువైన మరొక ఎర్రనాచు ‘గ్రాసిలేరియా ఎడ్యులిస్’ను వారు ‘కంజి పాసి’ అంటారు. కంజి అంటే గంజి. వంటకు వాడే అగార్ ఎక్కువగా ఈ రెండవ దాని నుంచి వస్తుంది. మొదటి దాని అగార్ మరింత గట్టిగా పేరుతుంది గనుక ప్రయోగశాలల్లోనూ వాడతారు.

వేరు లేని మొక్క, విత్తనం లేని సంతానం

నేలమీది మొక్కను చూచిన కంటితో దీనిని చూడరాదు. దీనికి వేరు లేదు, పువ్వు లేదు, విత్తనం లేదు. రాతిని పట్టుకునే భాగం పట్టు కోసమే గాని ఆహారం కోసం కాదు. ఒళ్ళంతా నీటి నుంచే పోషణ తీసుకుంటుంది. ఎరుపు రంగు అందానికి పుట్టింది కాదు. సూర్యకాంతిలోని ఎరుపు కిరణాలను సముద్రపు నీరు పైపైనే మింగివేస్తుంది. నీలి, ఆకుపచ్చ కిరణాలే లోపలికి దిగుతాయి. ఆ కిరణాలను పట్టుకునే ఎర్రని వర్ణద్రవ్యాన్ని ఈ నాచులు సమకూర్చుకున్నాయి. పైనీళ్ళలో తీవ్రమైన ఎండకు గురైన నాచు పసుపు పచ్చగానో, గోధుమ రంగుగానో మారుతుంది.

అగార్ ఈ నాచు కణాల గోడలలో ఉంటుంది. అలల తాకిడికి తెగకుండా వంగడానికీ, పాటు సమయంలో గాలి తగిలినా ఎండిపోకుండా నీటిని పట్టి ఉంచడానికీ ఆ జిగురు దానికి అవసరం. నాచు తన రక్షణకు కట్టుకున్న కవచాన్నే మనం వండుకొని తింటున్నాం.

ఎర్రనాచుల వంశవృద్ధి విచిత్రమైనది. వీటి బీజకణాలలో వేటికీ ఈదే శక్తి లేదు. పురుష బీజాలు నీటి వాలున కొట్టుకొని పోయి స్త్రీ మొక్కను చేరాలి. ఒక జాతి గ్రాసిలేరియాలో మాత్రం, రొయ్యలకు దూరపు బంధువైన ఒక చిన్న జీవి ఆ బీజాలను ఒంటికి అంటించుకొని తుమ్మెదలా మోసుకుపోతుందని ఫ్రాన్స్ తీరపు నాచుపై జరిగిన పరిశోధన 2022లో వెల్లడించింది. మన జెలిడియెల్లాలోనైతే స్త్రీ, పురుష మొక్కలు కనిపించడమే అరుదు. కొన్ని రెమ్మల చివరలు ఉబ్బి, వాటిలో నాలుగేసి చొప్పున సిద్ధబీజాలు పుడతాయి. వాటికన్న మిన్నగా, రాతిని పట్టుకొని పాకే ఆ కాడ నుంచే కొత్త కొమ్మలు మొలుస్తాయి. ఆ కాడ ఉన్నంతవరకే ఆ నాచుకు పునర్జన్మ ఉన్నది.

ఈ నాచు పునరుత్పత్తిని పరిశీలించి ప్రకటించినవారిలో మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞుడు ఎం. ఉమామహేశ్వరరావుగారు ఉండడం తెలుగువారికి సంతోషకరం. అంతకు ముందు 1964లో విశాఖ తీరపు నాచులపై కూడా ఆయన అధ్యయనం వెలువడింది.

కోత ఎవరిది, కడుపుకోత ఎవరిది?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను నుంచి అగార్ రావడం ఆగిపోయినప్పుడు మన దేశం కళ్ళు తెరచింది. 1960 దశకం నుంచి మన్నారు తీరాన నాచుసేకరణ వ్యాపారంగా మారింది. ఈ సేకరణ చేసేవారు ఎక్కువగా స్త్రీలు. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని, కంటికి అద్దాలు కట్టుకొని, పాదాలకు రేకుపలకలు బిగించుకొని, నడుముకు సంచి తగిలించుకొని వారు ఊపిరి బిగబట్టి మునుగుతారు. పగడపు రాళ్ళు చేతులు కోస్తాయి. రోజంతా ఉప్పునీటిలో ఉండి ఇల్లు చేరితే మళ్ళీ వంట వారిదే. దీవులు రక్షిత ప్రాంతమైన తరువాత వారు తరతరాలుగా మునిగిన చోట్లే నిషిద్ధస్థలాలయ్యాయి.

అడవిలో మందుమొక్కల రూపం తెలిసినవారు గోపాలకులు, తాపసులు, వేటగాండ్రు, కందమూలాలపై బ్రతికేవారు అని సుశ్రుతాచార్యుడు సూత్రస్థానంలో చెప్పాడు. చరకుడు కూడా గొర్రెల, మేకల, ఆవుల కాపరులను ఇదే సందర్భంలో స్మరించాడు. వైద్యుడు వారివద్దకు వెళ్ళి నేర్చుకోవాలి. అడవికి గోపాలకులు ఎటువంటివారో, ఈ సముద్రానికి ఆ స్త్రీలు అటువంటివారు. ఏ నాచు ఏ రాతిపై ఏ మాసంలో ముదురుతుందో వారికి తెలుసు.

తెలిసినందువల్లనే హద్దు కూడా వారే గీసుకున్నారు. పాంబన్ దీవిలోని చిన్నపాలం గ్రామానికి చెందిన లక్ష్మి అనే మహిళ నాయకత్వాన ఆ స్త్రీలు నెలలో 12 రోజులు మాత్రమే కోత కోయాలని కట్టుబాటు చేసుకున్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో కూడా విరామం పాటిస్తున్నారు. ఆమెకు 2015లో సీకాలజీ అనే సంస్థ తన బహుమతినిచ్చి సత్కరించింది. కొమ్మలను చేతితో తుంచి, పాకే కాడను రాతిపై వదలిపెడితే నాచు తిరిగి పెరుగుతుంది. అత్యాశతో గీకివేసినా, రాతితో సహా పెళ్ళగించినా అక్కడ మళ్ళీ మొలవడానికి ఏమీ మిగలదు. పగడపు దిబ్బ కూడా గాయపడుతుంది.

గురుకులంలో మా గురువుగారు మాకు నూరడం నేర్పక ముందు కోయడం నేర్పారు. మొక్కను కళ్ళారా చూడని శిష్యునికి ఆయన రోలు అప్పగించేవారు కాదు. ఆకు కావలసిన చోట కొమ్మ విరిచినా, కొమ్మ కావలసిన చోట మొదలు నరికినా ఆ పూట మందు చేయనిచ్చేవారు కాదు. “రేపటి రోగికి కూడా ఈ చెట్టే దిక్కురా” అనేవారు. వేరులేని ఈ సముద్రపు మొక్కకు ఆ మాట మరింతగా వర్తిస్తుంది.

ఊరు మారితే గుణమే దోషమవుతుంది. దీనికి మరొక ఎర్రనాచు ఉదాహరణ. ‘కప్పాఫైకస్’ అనే విదేశీజాతి నాచును 1980 దశకంలో పరిశోధన కోసం మన దేశానికి తెచ్చారు. 2000 సంవత్సరం తరువాత రామనాథపురం తీరాన తెప్పలపై సాగుచేయడం మొదలుపెట్టారు. పేదలకు అది జీవనోపాధి అయిన మాట నిజం. కాని అది సాగు విడిచి కురుసడై దీవి వద్ద బ్రతికి ఉన్న పగడాలనే కప్పివేస్తున్నదని 2008లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. దేశాన్ని విచారించకుండా ద్రవ్యాన్ని తేరాదన్న మన పెద్దల మాట నేలకే కాదు, నీటికి కూడా వర్తిస్తుంది.

శాస్త్రంలో ఉన్నదా?

‘అయ్యా, ఇది ఆయుర్వేదంలో ఉన్నదా?’ అని నన్ను చాలామంది అడుగుతున్నారు. సూటిగా చెబుతాను. మన గ్రంథాలలో సముద్రద్రవ్యాలు లేకపోలేదు. ముత్యం, పగడం, శంఖం, ముత్యపుచిప్ప, గవ్వ, సముద్రఫేనం, సముద్రలవణం ఉన్నాయి. నిఘంటువులలో ‘శైవలం’ కూడా ఉన్నది. కాని అది చెరువులలో, మడుగులలో పెరిగే మంచినీటి నాచు. పగడపు దిబ్బలమీది ఈ ఎర్రనాచును దానితో ఏకం చేసి, శైవల గుణాలన్నీ దీనికి అంటగట్టడం శాస్త్రద్రోహం.

అలాగని కొత్త ద్రవ్యాన్ని ఆయుర్వేదం తిరస్కరించదు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన కాలంలో విదేశాల నుంచి వచ్చిన చోపచీనిని తన గ్రంథంలో చేర్చాడు. కాని దానికి ఏ ఋషి పేరూ తగిలించలేదు. ‘ద్వీపాంతర వచ’ అని పేరు పెట్టాడు. అంటే వేరొక ద్వీపం నుంచి వచ్చిన వస అని ఊరిని పేరులోనే చెప్పాడు. ఇదీ వైద్యుని నిజాయితీ! ఎర్రనాచును కూడా అదే దారిలో, దాని ఊరితో సహా, రసగుణవీర్యవిపాకాలను పరీక్షించి స్వీకరించాలి గాని, దొంగ వంశావళితో కాదు.

గుణదోష విచారణ

నా అనుభవంలోనూ, యుక్తిచేతనూ అగార్ గురువు, పిచ్ఛిలం, శీతం. మన జీర్ణరసాలు దీనిని కరిగించలేవు. ప్రేగులలో నీటిని పీల్చుకొని ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. గ్రీష్మంలో, పిత్తప్రకృతి గలవారికి, మలబద్ధం గలవారికి మితంగా హితం. మందాగ్ని, దగ్గు, ఆయాసం ఉన్నవారికి, రాత్రివేళ అది తగదు.

జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే జెలటిన్‌కు బదులుగా శాకాహారులు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. పైగా జెలటిన్ వేసవి వేడికే కరుగుతుంది. అగార్ మరిగే నీటిలో కరిగి, గోరువెచ్చని స్థితికి చల్లారగానే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడితే సుమారు 85 డిగ్రీల వేడి తగిలేదాకా కరగదు. ఈ గుణమే వైద్యశాస్త్ర చరిత్రను మలుపు తిప్పింది. 1881లో జర్మనీలో ఫానీ హెస్సే అనే గృహిణి తన వంటలలో వాడే అగార్‌ను సూక్ష్మజీవులను పెంచడానికి వాడమని భర్తకు సూచించింది. రాబర్ట్ కాక్ పరిశోధనశాలలో అది స్థిరపడింది. నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను పెంచేది ఎర్రనాచు జిగురుపైనే. వంటింటి జ్ఞానాన్ని చిన్నచూపు చూసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వాడే విధానం: ఒక లీటరు ద్రవానికి సుమారు 10 గ్రాముల పోగులు చాలు. అరగంట నీటిలో నానబెట్టి, విడిగా కొద్ది నీటిలో పూర్తిగా కరిగేదాకా మరిగించి, వడకట్టి, వేడిగా ఉన్న పాలలో కలపాలి. పుల్లని రసంతో కలిపి మరిగిస్తే జిగురు బలం తగ్గుతుంది; కనుక రసాన్ని దించిన తరువాతనే కలపాలి. పాలతో పుల్లని పండ్లు కలపడం విరుద్ధాహారం. పాలతో చేస్తే ఏలకులతో, పండ్లరసంతో చేస్తే పాలు లేకుండా చేసుకోండి.

హెచ్చరికలు: పొడిని పొడిగా ఎన్నడూ మింగరాదు, గొంతులో ఉబ్బి ప్రాణాపాయం తేగలదు. మింగడం కష్టమైనవారు, ప్రేగులలో అడ్డంకి ఉన్నవారు దీనిని ముట్టరాదు. తిన్న రోజున నీరు ఎక్కువగా త్రాగాలి. ఇతర మందులకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి.

అన్నిటికన్న ముఖ్యం, సీసాలలోని పచ్చినాచు లేహ్యాల, చూర్ణాల విషయం. సముద్రపు నాచులలో అయొడిన్ ఉంటుంది. జాతిని బట్టి, తీరాన్ని బట్టి దాని పరిమాణం ఎంతో మారుతుంది. అయొడిన్ తక్కువైతే ఎంత హానియో, ఎక్కువైతే థైరాయిడ్ గ్రంథికి అంతే హాని. అయొడిన్ ఉప్పు వాడే మన ఇళ్ళలో అది సాధారణంగా సరిపడానే అందుతున్నది. అంతేగాక, నీటిలోని సీసం, ఆర్సెనిక్ వంటి విషలోహాలను కూడా నాచు పీల్చుకుంటుంది. మురికి రేవు పక్కన కోసిన నాచూ, తేటనీటి దిబ్బపై కోసిన నాచూ సీసాలో ఒక్కలాగే కనిపిస్తాయి. ఈమధ్య నా వద్దకు వచ్చిన ఒక గృహిణి ఇటువంటి చూర్ణాన్ని నమ్మి, పదేళ్ళుగా వేసుకుంటున్న థైరాయిడ్ మాత్రను మూడు నెలలు మానివేసింది. ఒళ్ళంతా నీరుపట్టి, మాట మందగించిన తరువాత ఆమెకు అనుమానం వచ్చింది. ఆమెను వెంటనే మాత్రలు వ్రాసిన వైద్యునివద్దకే పంపాను. ఆ సీసాపై ‘సనాతన ఆయుర్వేదం’ అని ఉన్నది గాని, అది ఏ నాచో, ఏ తీరానిదో లేదు.

నా విన్నపం

తయారీదారులకు నా విన్నపం ఒకటే. పొట్లం మీద ధర, తేదీ అచ్చు వేసినట్టే నాచు జాతి, అది పెరిగిన తీరం, సహజంగా కోసినదా సాగుచేసినదా అన్న మూడు మాటలు అచ్చు వేయండి. ప్రభుత్వం దీనిని తప్పనిసరి చేయాలి. నాచును ఏ కాలంలో ఎంత కోయాలో నిర్ణయించే సభలలో, నీళ్ళలో మునిగే ఆ స్త్రీలకు ముందువరుసలో చోటివ్వాలి.

తోటి వైద్యులకు ఒక మాట. ఋషుల పేరు మనకు ఆస్తి కాదు, బాధ్యత. వారు చెప్పని దానిని వారి నోట పలికించకండి. కొత్త ద్రవ్యం మంచిదైతే, నేను పరీక్షించాను, నేను చెబుతున్నాను అని మన పేరుమీద చెప్పే ధైర్యం మనకు ఉండాలి.

గృహిణులారా! దుకాణదారుని ‘ఇది ఏ ఊరి సరుకు?’ అని అడగండి. మొదటిసారి అతడు నవ్వవచ్చు. పదిమంది అడిగితే టోకు వర్తకుణ్ణి అడుగుతాడు. వందమంది అడిగితే పొట్లం మీద అచ్చవుతుంది. కందిపప్పు ఏ ఊరిదో, చింతపండు ఏ ఊరిదో అడిగి కొనే అలవాటు మనకు కొత్త కాదు. వేసవిలో మీ పిల్లలు తినే ఆ చల్లని ముక్కలో ఒక పగడపు దిబ్బ ఆయుష్షూ, ఒక తల్లి బిగబట్టిన ఊపిరీ ఉన్నాయి. మితంగా వాడండి, వృథా చేయకండి, ఊరు అడిగి కొనండి.